ధర్మరాజు తప్పిన పరీక్ష

ద్రోణాచార్యులవారు కురుకుమారులకు పెట్టిన పరీక్ష ఎరగనివారు మనలో ఉండరు. చెట్టుకొమ్మ మీద ఒక బొమ్మపిట్టను కట్టించి, ఒక్కొక్క శిష్యుణ్ణే పిలిచి, విల్లు ఎక్కుపెట్టించి, ఏమేం కనబడుతున్నాయో చెప్పమన్నాడు. ధర్మరాజు ఉన్నదున్నట్టు చెప్పాడు. చెట్టు కనబడుతోంది, పిట్ట కనబడుతోంది, మీరు కనబడుతున్నారు, నా తమ్ములందరూ కనబడుతున్నారు అన్నాడు. నీవల్ల కాదు, పక్కకు తప్పుకోమన్నాడు గురువు. చివరకు అర్జునుడు వచ్చి, పిట్ట తల తప్ప తనకు మరేమీ కనబడటం లేదన్నాడు. బాణం వదిలాడు. తల తెగి కిందపడింది. గురువుగారు శిష్యుణ్ణి అక్కున చేర్చుకున్నాడు.

ఆదిపర్వం పాఠం వచ్చినప్పుడల్లా నేను ఈ ఘట్టం చెప్పటం, ఏకాగ్రతను గురించి నాలుగు మంచిమాటలు జోడించటం, పిల్లలు వాటిని బుద్ధిగా రాసుకోవటం ఏళ్ళ తరబడి జరిగిపోతూనే ఉన్నాయి. అయితే యుద్ధాల్లో దూరం నుంచి గురి చూసి కొట్టే వేగులవాళ్ళను గురించి చదవటం తటస్థించాక నాకొక అనుమానం పట్టుకుంది. ఆ పరీక్ష ద్రోణుడు గాక, పదాతి దళంలో స్కౌటులకు చదువు చెప్పే ఆచార్యుడెవరైనా పెట్టి ఉంటే మార్కులు తారుమారయ్యేవి. ధర్మరాజుకు ఫస్టుక్లాసు వచ్చేది. అర్జునుడు మళ్ళీ సెప్టెంబరులో కూర్చోవలసి వచ్చేది!

ఈ మాట మీకు వింతగా తోచవచ్చు. నాకు మటుకు ఈ పాఠం చిన్నప్పుడే, మా ఇందల్వాయిలో మక్క చేని మంచె మీద చెప్పారు. అది పాఠమని తెలుసుకోవటానికే ముప్పయ్యేళ్ళు పట్టింది.

మంచె మీద

మా మేనమామది నిజామాబాదు జిల్లా ఇందల్వాయి. ఊరికి ఒక దిక్కున రైలు, ఒక దిక్కున అడవి. పొలాల్లో పసుపు. అక్కణ్ణుంచి ఆర్మూరు దాకా పసుపులో మక్కజొన్న కలిపి వేయటం అలవాటు. పసుపు భూమిలో నిదానంగా ఊరుతూ ఉంటే, మక్క దాని నెత్తిన నిలువెత్తు పెరిగి, ముందుగా చేతికొచ్చి ఖర్చులు గట్టెక్కిస్తుంది. కంకిలో పాలు పట్టే వేళకు అడవిపందులు దిగుతాయి. ఒక్క రాత్రి ఏమరితే తెల్లవారేసరికి చేను నేల కరిచి ఉంటుంది. అంచేత భాద్రపదం వచ్చిందంటే మామ కాపురమంతా మంచె మీదనే.

ఆయన సరంజామా చెప్పుకోదగ్గదేమీ కాదు. ఒక వడిసెల, దోసెడు పలుగురాళ్ళు, కొట్టటానికొక రేకుడబ్బా, వెలుగుతుందో లేదో తెలియని బ్యాటరీలైటు. సెలవులకు వెళ్ళినప్పుడు నేనూ వెంటపడి మంచె ఎక్కేవాణ్ణి. అప్పుడు నాకు పదకొండేళ్ళు ఉంటాయేమో.

"మామా, ఇంత చీకట్ల పంది ఎట్ల కనబడ్తది?" అని అడిగాను మొదటి రాత్రి.

"పంది కనబడది అల్లుడా," అన్నాడు. "పంది వచ్చిన తావుల కప్పలు ఊకుంటయి. ఆ ఊకున్న జాగ చూడాలె."

మూడో రాత్రి కాబోలు, తూర్పు దిక్కున కప్పలు ఊరుకున్నాయి. మక్క ఆకులు గలగలమన్నాయి. నా గుండె గొంతులోకి వచ్చింది. "అగో, పంది! కొట్టు మామా, కొట్టు!" అన్నాను. మామ వడిసెలలో రాయి పెట్టి లేచాడు. ఒక చుట్టు తిప్పాడు. ఎందుకో చేయి ఆపేశాడు. ఊపిరి బిగబట్టి ఆ చప్పుడునే చూస్తున్నాడు. అవును, చప్పుడునే చూస్తున్నాడు. నేను మళ్ళీ కొట్టమన్నాను. ఆయన నా నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి, "ఎవలది?" అని కేకేశాడు.

చేనులోంచి ఏడుపు వినబడింది. పక్క చేని జీతగాని బిడ్డ. ఏడెనిమిదేళ్ళ పిల్ల. తప్పిపోయిన మేకపిల్లను వెతుక్కుంటూ వచ్చింది.

పిల్లను ఇంటికి దిగబెట్టి వచ్చాక మామ చాలాసేపు మాట్లాడలేదు. తరవాత తనంతట తనే అన్నాడు: "గాలి లేదు. ఆకు కదులుడు ఒక్క సాలు పొంటి వస్తున్నది. పంది సాలు చూసుకొని నడువది అల్లుడా. మనిషే నడుస్తడు." తెల్లవారేదాకా ఆయన చేతికి వణుకు తగ్గలేదు.

నాకు ఆ రాత్రి పంది తప్ప మరేమీ కనబడలేదు. అసలు పందే లేదు. ఈ సంగతి జ్ఞాపకం ఉంచుకుని యుద్ధభూమికి పోదాం రండి.

పిట్ట పేరు

చాటున కూర్చుని దూరం నుంచి ఒక్క గుండుతో మనిషిని పడగొట్టేవాణ్ణి ఇంగ్లీషులో 'స్నైపర్' అంటారు. ఈ మాట పుట్టింది మన దేశంలోనే. 'స్నైప్' అంటే మనం ముక్కుపూరేడు అని పిలుచుకునే పిట్ట. పొడుగాటి ముక్కుతో చిత్తడి నేలల్లోనూ వరిమళ్ళలోనూ పురుగులు ఏరుకు తింటూ ఉంటుంది. మట్టిరంగులో మట్టిలా కలిసిపోయి, దగ్గరికి పోయేదాకా కనబడదు. లేచిందంటే తిన్నగా ఎగరదు, వంకరటింకరగా కోసుకుంటూ పోతుంది. దాన్ని కొట్టటం ఆషామాషీ కాదు. 1770 ప్రాంతాల్లో ఇక్కడ కొలువున్న దొరలు స్వదేశానికి రాసుకున్న ఉత్తరాల్లో ఈ పిట్టవేటకు పోవటాన్ని 'స్నైపింగ్' అన్నారు. ఆ మాటే తరవాత మనుషుల వేటకు అంటుకుంది.

ఆ కాలంలోనే కంపెనీ పటాలాల్లో చేరి మన తెలుగు సిపాయిలు ఉత్తరదేశాలకు పోయారు. వాళ్ళ మూలంగా అక్కడ సిపాయి అన్న ప్రతివాడికీ 'తిలంగా' అనే పేరు స్థిరపడింది. పిట్టా ఇక్కడిదే, సిపాయీ ఇక్కడివాడే. పేరు మటుకు దొరలు పెట్టుకున్నారు.

పిల్లి చెప్పిన సంగతి

మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. 1914 సెప్టెంబరు ఆఖరున భారత సైన్యం ఫ్రాన్సు దేశంలో మార్సెయ్ రేవున దిగింది. అక్టోబరు నుంచి బురద కందకాల్లో నిలబడింది. సికింద్రాబాదు పేరుగల అశ్విక బ్రిగేడు కూడా ఆ గడ్డ మీద పనిచేసింది. అందులోని దక్కన్ హార్స్ రౌతులు 1916 జూలై 14న హైవుడ్ అనే తోట దగ్గర ఈటెలతో దూకారు. అటువంటి దూకుళ్ళు ఎప్పుడో ఒకసారి. కందకంలో నిత్యం ఎదురయ్యే భయం వేరు. గట్టు మీదుగా అంగుళం మేర తల పైకెత్తితే చాలు, ఎక్కణ్ణుంచో ఒకే ఒక్క గుండు వచ్చేది. జర్మనుల దగ్గర దుర్భిణి బిగించిన రైఫిళ్ళు ముందు నుంచీ ఉన్నాయి. ఇటువైపు అవి బహు కొద్ది. 1915 మొదట్లో ఒక్క బెటాలియనులో ఒక్క రోజున పద్దెనిమిది మంది ఈ చాటుదెబ్బకు పోయిన సందర్భం కూడా ఉంది.

దీనికి విరుగుడు కనిపెట్టిన పెద్దమనిషి హెస్కెత్ ప్రిచర్డ్. ఇంగ్లీషువాడే గాని పుట్టింది మన ఝాన్సీలో, 1876లో. పెద్ద వేటగాడు, కథలు రాసేవాడు, క్రికెట్లో ఫాస్టు బౌలరు. యుద్ధానికి ఆయన తెచ్చిన మొదటి ఆయుధాల్లో ఏనుగులను కొట్టే తుపాకులున్నాయి. జర్మన్ గురికాళ్ళు దాక్కునే ఉక్కు పలకలను మామూలు గుండ్లు తొలవలేకపోతే, ఏనుగు తుపాకులు తొలిచాయి.

రెండో ఉపాయం బొమ్మ తల. కాగితపు గుజ్జుతో అచ్చం సిపాయి తలలాంటిది చేయించి, కర్రకు తగిలించి, కందకం గట్టు మీద మెల్లగా పైకెత్తేవారు. కొన్ని తలలు రబ్బరు గొట్టం సాయంతో సిగరెట్టు కూడా కాల్చేవి! అవతలివాడు కొట్టేవాడు. బొమ్మలో గుండు దూరిన చిల్లికీ బయటపడిన చిల్లికీ సూటిగా పెరిస్కోపు పెట్టి చూస్తే, ఆ గుండు ఏ చాటునుంచి వచ్చిందో తేటతెల్లంగా కనబడేది. ఇంటికి తాళం వేసి దొంగ కోసం పెరట్లో కాచుకున్నట్టన్నమాట.

1916లో ఆయన ఈ విద్య కోసం ఏకంగా ఒక బడి పెట్టాడు. గురికొట్టటం, పరికించటం, వేగు నడపటం మూడూ అక్కడ కలిపి నేర్పేవారు. అక్కడ ఆయనకు అన్నిటికన్న నచ్చినవాళ్ళు లోవట్ స్కౌటులు. 1900లో బోయర్ యుద్ధం కోసం లోవట్ ప్రభువు స్కాట్లండు కొండల్లో జింకల జాడలు తీసే పల్లెటూరివాళ్ళను పోగుచేసి కట్టిన దళం అది. పొడుగాటి దుర్భిణీ కంటికి ఆనించి గంటల తరబడి కొండవాలు పరికించటం వాళ్ళకు తాతలనాటి వృత్తి. వాళ్ళు చూశామని చెప్పింది చెప్పినట్టే ఉండేదని ప్రిచర్డ్ రాసుకున్నాడు. చూడనిది చూశామని వాళ్ళు అనరు. ఆ ఒక్క గుణానికి ఆయన రైఫిలు విద్య కన్న ఎక్కువ వెలకట్టాడు.

వాళ్ళను జంటలుగా పంపేవారు. ఒకడి చేతిలో రైఫిలు, ఒకడి చేతిలో దుర్భిణి. కన్ను అలిసిపోతుంది గనుక కొంతసేపటికొకసారి పని మార్చుకునేవారు. చూసిందల్లా వేళతో సహా పుస్తకంలో రాయాలి. కొత్త మట్టి పడిందా, పొగ లేచిందా, నిన్న ఉన్న కర్ర నేడు లేదా, అన్నీ అందులోకి ఎక్కాలి.

ఒకసారి అటువంటి పుస్తకంలోకి ఒక పిల్లి ఎక్కింది. జర్మన్ కందకం గట్టు మీద రోజూ ఒక మచ్చల పిల్లి ఎండకాచుకుంటోంది. అదే చోటు, అదే పిల్లి. చూసినవాడు నవ్వి ఊరుకోలేదు, రాసిపెట్టాడు. పెద్దలు ఆలోచించారు. కందకాల్లో ఎలుకలకు కొదవలేదు గాని పిల్లిని పెంచుకునే వైభోగం మామూలు సిపాయికెక్కడిది? అక్కడెక్కడో అధికారుల బస ఉండి తీరాలి. విమానం మీంచి తీసిన ఫొటోలు చూస్తే నిజమే. ఫిరంగులు ఆ బసను నేలమట్టం చేశాయి.

చూశారా, ఇందులో రైఫిలు పేలనే లేదు. పిట్ట తల ఒక్కటే చూసేవాడికి పిల్లి ఎందుకు కనబడుతుంది?

గుండు దారి

సరే, చూడటం అయింది. కొట్టటం మాటేమిటి? అక్కడ కూడా అర్జునుడి జవాబు చాలదు.

ఆనాటి సిపాయి చేతిలోని 303 రైఫిలు గుండు సెకనుకు సుమారు 2,440 అడుగుల వేగంతో గొట్టం విడుస్తుంది. గాలి అడ్డుపడటంవల్ల వేగం తగ్గుతూ, ఆరువందల గజాలు చేరటానికి దాదాపు ఒక సెకను తీసుకుంటుంది. చెట్టు మీంచి రాలిన మామిడికాయ ఒక సెకనులో పదహారడుగులు దిగుతుంది. భూమికి గుండూ ఒకటే, మామిడికాయా ఒకటే. అంచేత ఆ సెకనులో గుండు కూడా పన్నెండడుగుల పైచిలుకు కిందికి జారుతుంది. గంటకు పది మైళ్ళ అడ్డగాలి వీస్తే మరో మూడు నాలుగడుగులు పక్కకు కొట్టుకుపోతుంది. తలకు సూటిగా గురిపెట్టినవాడు తలను ఎన్నటికీ కొట్టలేడు. ఎంత పైకి, ఎంత పక్కకు పెట్టాలో తెలియాలంటే దూరం తెలియాలి, గాలి తెలియాలి, ఎండ తెలియాలి.

గాలి కంటికి కనబడదు గదా అంటారేమో. గడ్డి వంగటం, పొగ వాలటం, ఆకు తిరగటం చూసి పోల్చుకుంటారు. వీటికన్న చిత్రమైనది ఎండమావి. దుర్భిణిలోంచి చూస్తే వేడి నేల మీంచి లేచే ఎండమావి సన్నని నీటి అలల్లా కదులుతూ ఉంటుంది. అలలు కుడికి పారితే గాలి కుడికి, నిలువుగా లేస్తే గాలి లేనట్టు. ఎండమావిని నమ్మి మోసపోయినవాళ్ళ కథలే మనకు తెలుసు. ఎండమావిని నమ్మి బాగుపడేవాడు లోకంలో వీడొక్కడే!

నేటికీ గురికాళ్ళు జంటగానే పనిచేస్తారు. మన పదాతి దళానికి మధ్యప్రదేశ్‌లోని మౌ పట్టణంలో ఉన్న ఇన్‌ఫంట్రీ స్కూల్లో ఈ శిక్షణ ఇస్తారు. దుర్భిణి పట్టినవాడు గాలి చెబుతాడు, రైఫిలు పట్టినవాడు వింటాడు. దూరాలు మటుకు ఊహకందకుండా పెరిగిపోయాయి. 2017లో ఇరాక్‌లో కెనడా సైనికుడొకడు 3,540 మీటర్ల దూరాన ఉన్న శత్రువును కొట్టాడు. గుండు గాలిలో పది సెకన్లకు కొంచెం తక్కువగా ప్రయాణం చేసింది.

అయితే యంత్రాలే సర్వస్వం కాదు. 1939 నవంబరు ఆఖరున రష్యా సేన చిన్న దేశమైన ఫిన్లండు మీదికి వెళ్ళినప్పుడు, సిమో హైహా అనే పొట్టి రైతు తెల్లటి దుస్తులు తొడుక్కుని మంచులో పడుకున్నాడు. దుర్భిణి వాడలేదు. దానికి కన్ను ఆనించాలంటే తల మరికాస్త ఎత్తాలి, పైగా అద్దం ఎండకు మెరుస్తుంది అన్నాడు. ఊపిరి ఆవిరై పైకి లేస్తే చోటు తెలిసిపోతుందని నోట్లో మంచు పెట్టుకున్నాడు. తుపాకి పేలినప్పుడు ముందున్న మంచు ఎగిరిపడకుండా దాన్ని ముందే అదిమి గట్టిచేసుకున్నాడు. దాదాపు వందరోజుల యుద్ధంలో అయిదువందల మందికి పైగా అతని గురికి పడ్డారంటారు. 1940 మార్చి 6న ఒక గుండు అతని దవడ చీల్చింది. అయినా బతికాడు, 2002 దాకా బతికాడు.

దామనపల్లి ఘాటు

ప్రిచర్డ్‌కు యుద్ధంలో చెడిన ఆరోగ్యం మళ్ళీ కూడుకోలేదు. 1922 జూన్‌లో నలభై అయిదేళ్ళకే కన్నుమూశాడు. సరిగ్గా ఆ ఏడే, ఆయన బడి పేరు కూడా వినని మనవాళ్ళు కొందరు, ఆయన చెప్పిన పాఠం ఆయన దేశంవాళ్ళ మీదనే ప్రయోగించారు.

ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద అల్లూరి సీతారామరాజు తన మన్యం దళంతో వచ్చి పడ్డాడు. ఇరవై ఆరు తుపాకులు పట్టుకుపోయాడు. తీసుకున్న సరుకుకు ఠాణా పుస్తకాల్లోనే లెక్క రాసి సంతకం పెట్టిపోయిన సంగతి మీరెరిగిందే. ఆ తుపాకులు దూరపు గురికి ఉద్దేశించినవి కావు. పట్టినవాళ్ళు యుద్ధవిద్య చదివినవాళ్ళు కారు. గాం గంటందొర, మల్లుదొర వంటి కొండవాళ్ళు. అడవిలో జాడ తీయటం, చాటున కూర్చోవటం, గాలికి ఎదురుగా కదలటం వాళ్ళకు ఎవరూ నేర్పనక్కరలేదు. ప్రతి చెట్టు వెనకా ఒక వేగు ఉన్నట్టే. పోలీసు బలగం ఏ దారిన కదిలేదీ రాజుకు ముందే అందేది.

1922 సెప్టెంబరు 24న స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు బలగంతో దామనపల్లి ఘాటు ఎక్కారు. సన్నని దారి, ఇరుపక్కలా పొదలు, కొండవాలు. వాలు మీద రాజు మనుషులు పొంచి ఉన్నారు. ముందుగా నడిచి వచ్చినది భారతీయ పోలీసుల బృందం. తుపాకి మొనకు ఎదురుగా, రాయి విసిరినా తగిలేంత తేలికగా దొరికారు. ఒక్క తుపాకీ పేలలేదు. వాళ్ళను పోనిచ్చారు. వెనక అధికారులు వచ్చారు. అప్పుడు పేలాయి. కవర్డ్, హైటర్ ఇద్దరూ అక్కడే ప్రాణాలు విడిచారు.

ఈ యుద్ధాన్ని గురించి రాసినవారు పొంచిదాడి నేర్పును మెచ్చుకున్నారు. నాకు మటుకు ఆ పేలని తుపాకులే ఎక్కువ ఆశ్చర్యం కలిగిస్తాయి. ఆకలితో, కసితో, గుండె కొట్టుకుంటూ పొదల్లో కూర్చున్నవాడికి ఎదురుగా ఖాకీ దుస్తులు కనబడితే, మీట మీది వేలు ఆగటం సామాన్యమా? ఒక్కడు తొందరపడినా పన్నాగం చెడేది. దొరల చుట్టూ ఎప్పుడూ భారతీయులుంటారు, వాళ్ళను చంపటం ఇష్టం లేక దొరలను కొట్టలేకపోతున్నానని రాజు అన్నట్టు నాటి నివేదికల్లోనే ఉంది. అంటే అతనికి పిట్ట ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న తమ్ములు కూడా కనబడ్డారన్నమాట. ద్రోణుడు తప్పించిన జవాబే అది.

తరవాత కథ మనందరికీ తెలిసిందే. మలబారు పోలీసులు వచ్చారు, 1924 జనవరిలో అస్సాం రైఫిల్సు వచ్చింది, మే 7న రాజును చెట్టుకు కట్టి కాల్చారు. నేడు ఆ మన్యం ఆయన పేరనే జిల్లా అయింది. నర్సీపట్నంలో ఆ ఇద్దరు ఇంగ్లీషువాళ్ళ సమాధులు ఉన్నాయి. రాజు మనవాడు, వాళ్ళు పరాయి ప్రభుత్వపు కొలువువాళ్ళు, అందులో సందేహం లేదు. అయినా వాళ్ళ కోసం కూడా సముద్రానికి అవతల ఎవరో తల్లి ఉత్తరం కోసం ఎదురు చూసే ఉంటుంది. గురి కుదిరిన ప్రతి గుండుకూ ఒక ఇల్లు చీకటవుతుంది.

ఉపసంహారం

ఫిరంగి పేల్చేవాడు తాను చంపినవాణ్ణి చూడడు. విమానంలోంచి బాంబు వేసేవాడు అసలే చూడడు. యుద్ధంలో ఎదటివాడి మొహాన్ని దుర్భిణిలో దగ్గరగా చూసి, వాడు గడ్డం గోక్కోవటం, పక్కవాడితో నవ్వటం చూసి, ఆ తరవాత మీట నొక్కవలసినవాడు ఈ గురికాడొక్కడే. అంచేత ఎప్పుడు కొట్టాలో నేర్పటం సగం చదువైతే, ఎప్పుడు కొట్టకూడదో నేర్పటం తక్కిన సగం.

అర్జునుడికి మనం అన్యాయం చేయకూడదు. యుద్ధం ముగిశాక అశ్వత్థామ ఒక అస్త్రం వేశాడు, అర్జునుడొకటి వేశాడు. మునులు అడ్డం వచ్చి వెనక్కు తీసుకోమంటే అర్జునుడు తీసుకోగలిగాడు, అశ్వత్థామకు చేతకాలేదు. పిట్ట తల కొట్టిన నాటి కుర్రవాడు అప్పటికి పెద్దవాడయ్యాడు. ఆ పెద్దరికం అస్త్రం వేయటంలో లేదు, మరలించటంలో ఉంది.

తుపాకి గుండుకు అటువంటి మంత్రం లేదు. పది సెకన్లు గాలిలో ఉన్నా సరే, వదిలాక వెనక్కు రమ్మంటే రాదు. కాబట్టి ఉపసంహారమేదో వదలకముందే చేసుకోవాలి. చెట్టునూ, ఆకునూ, తమ్ములనూ చూసి మరీ చేసుకోవాలి.

మొన్న సంక్రాంతికి ఇందల్వాయి వెళ్ళినప్పుడు మామను ఆ రాత్రి సంగతి అడిగాను. ఎనభై దాటాడు, చూపు ఆనదు. ఆ పిల్లకు పెళ్ళయి, ఆర్మూరు దగ్గర ఏదో ఊళ్ళో ఉందట, మనమలు కూడా పుట్టారట.

"పసుపు తవ్వేటప్పుడు వస్తది, అల్లుడా," అన్నాడు. "ఎన్నడచ్చినా ఓ గంటసేపు కూసుంటది. నా చేతు పట్టుకొని చూస్తది."